కొలంబియా నది ఒడ్డున ఒక ఊరు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా పటంలో పడమటి తీరం వెంట పైకి వెళితే, ఆరెగాన్ రాష్ట్రం కొసన కొలంబియా నది పసిఫిక్ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అక్కడ ఆస్టోరియా అనే ఊరుంది. జనాభా పదివేల పైచిలుకు. అంత చిన్న ఊరు చరిత్ర పుస్తకాల్లో ఎన్నిసార్లు తగులుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

పడమటి ప్రాంతాన్ని చూసి రమ్మని అమెరికా ప్రభుత్వం పంపిన లూయిస్, క్లార్క్ బృందం 1805 చలికాలం గడిపింది ఆ దగ్గర్లోనే. ఉన్న 106 రోజుల్లో వాన పడనివి 12 మాత్రమే! 1811లో ఆస్టర్ అనే వ్యాపారి కంపెనీ అక్కడ తోళ్ల వ్యాపారానికి కోట కట్టుకుంది. ఊరికి ఆయన పేరే వచ్చింది. తర్వాత ఆస్టర్ కోరితే రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1836లో 'ఆస్టోరియా' అనే పుస్తకం రాశారు. ఊరికి వెళ్లకుండానే, కంపెనీ కాగితాలు ముందేసుకుని రాశారు. కాబట్టి అది ప్రధానంగా యజమాని వైపు నుంచి చెప్పిన కథ.

నన్ను కదిలించేది వేరే కథ. 1900 తర్వాత అక్కడి హామండ్ కలప మిల్లులో పనికి పంజాబీలు వచ్చారు. ఎక్కువమంది సిక్కులు. అయినా అమెరికా పత్రికలు వాళ్లందరినీ 'హిందువులు' అనే రాసేవి. వాళ్లుండే చోటుకి 'హిందూ ఆలీ' అని పేరు పడింది, అంటే హిందువుల సందు. పగలంతా దుంగలతో కుస్తీ, సాయంత్రం దేశం కబుర్లు.

1913లో ఆ కూలీలు, చుట్టుపక్కల మిల్లుల వాళ్లు, ఊళ్లోని ఫిన్లాండ్ సోషలిస్టుల హాల్లో సమావేశమయ్యారు. ఫిన్లాండ్ అప్పటికి రష్యా జారు ఏలుబడిలో ఉంది. పరాయి పాలన అంటే ఏమిటో ఆ హాలు వాళ్లకీ తెలుసు. భారతదేశాన్ని బ్రిటిష్ పాలన నుంచి విడిపించాలని ప్రవాస భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ పుట్టుకతో ఈ సమావేశానికి విడదీయలేని సంబంధం ఉంది. సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడు, హరదయాళ్ కార్యదర్శి. అదే ఏడు నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో 'గదర్' పత్రిక మొదలైంది. మన కనిగిరి నుంచి అమెరికా చదువుకి వెళ్లిన దరిశి చెంచయ్య గారు కూడా ఈ పార్టీలో చేరినవారే. తన అనుభవాలను 'నేనూ నా దేశం' అనే ఆత్మకథలో తెలుగులో రాసి పెట్టారు.

అలా మన స్వాతంత్ర్య పోరాట చరిత్రలో ఆస్టోరియాకి చోటు దక్కింది. ఊరు మాత్రం ఆ సంగతి చాలాకాలం మరిచిపోయింది. 1922లో మిల్లు కాలిపోయింది. అదే ఏడు డిసెంబరులో ఊరి నడిబొడ్డు కూడా కాలిపోయింది. ఆ మిల్లులోనే పనిచేసిన భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడు. అయినా 1923లో అక్కడి సుప్రీంకోర్టు, తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని తీర్పు చెప్పింది. పని పోయింది, హక్కూ లేదు. ఇక ఎవరుంటారు? తలోదిక్కూ వెళ్లిపోయారు. వాళ్లతోపాటే ఆ జ్ఞాపకమూ పోయింది.

మళ్లీ పాత పత్రికలూ జనాభా లెక్కలూ ఓపికగా తిరగేసిన చరిత్రకారుల పుణ్యాన అది బయటపడింది. 2013లో ఆస్టోరియా తన ఊళ్లోనే గదర్ శతజయంతి జరుపుకుంది. హిందూ ఆలీ అన్న పేరు ఊరివాళ్లు మళ్లీ పలికారు.

నమస్కారం.