రౌటర్ పెట్టె మీద 3000, ఫోన్‌లో 800: మిగతాది ఎక్కడికి పోయింది?

[తెర మీద: రౌటర్ పెట్టె, 'ఏఎక్స్ 3000' అన్న అక్షరాలు దగ్గరగా]

ఈ అంకె చూసి సెకనుకు 3000 మెగాబిట్లు వస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. ఎందుకో కూడి చూద్దాం.

ఇది వైఫై 6 రౌటర్. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే ఆ రేడియో తరంగాల శ్రేణిలో, 574 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 2402. కలిపితే 2976. దాన్నే 3000 అని అచ్చేశారు. కానీ మీ వైఫై 6 ఫోన్ ఒకసారికి ఒక్క బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ (బ్యాండ్‌లో డేటా వెళ్లే దారి) దొరికితేనే. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి, అంటే 1201. పైగా ఒకరు పంపుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ప్యాకెట్లు (డేటా ముక్కలు) అందాయని జవాబు రావాలి. ఈ ఖర్చులన్నీ పోగా, రౌటర్ పక్కనే కూర్చున్నా చేతికొచ్చేది సుమారు 800, 900.

ఇది మొదట్నుంచీ ఉన్నదే. 1999 నాటి వైఫై రకం 802.11బి 11 అంటే 5, 6 వచ్చేవి. 2003లో 802.11జి 54 అంటే, 20 దాటితే సంతోషం.

[తెర మీద: రెండు ఫోన్లు, మధ్యలో గడియారం]

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదీ: వైఫైలో అందరూ పంచుకునేది సమయాన్ని. రౌటర్ పక్కన 600 వేగంతో ఒక ఫోన్, రెండు గోడల అవతల 6తో ఇంకొకటి ఉన్నాయనుకోండి. వంతులవారీగా చెరో 6 మెగాబిట్లు పంపాలి. దగ్గరి ఫోన్‌కి సెకనులో నూరో వంతు చాలు. దూరపు దానికి నిండా ఒక సెకను. అంతసేపూ దగ్గరి ఫోన్ ఎదురుచూడాల్సిందే! చివరికి దానికీ సెకనుకు దక్కేది 6 లోపే. దూరపు ఫోన్‌కి ఇంత సమయమే అని హద్దు పెట్టే రౌటర్లు కొన్ని ఉన్నాయి. కొనేముందు ఆ సదుపాయం ఉందో లేదో తప్పకుండా చూడండి.

వైఫై 6లో నిజంగా మెచ్చుకోవాల్సింది ఓఎఫ్‌డీఎంఏ. ఒకే ఛానెల్‌ని ముక్కలు చేసి, ఒకేసారి పలు ఫోన్లకు చిన్న చిన్న ప్యాకెట్లు అందిస్తుంది. ఒక్క ఫోన్‌తో టెస్ట్ చేస్తే ఈ లాభం అస్సలు కనిపించదు. వైఫై 7 ఛానెల్‌ని 320 మెగాహెర్ట్జ్‌కి పెంచింది, అయితే అది 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే.

మీరే కొలవాలంటే ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ వద్దు. అది మీ కనెక్షన్ ఎంతో చెబుతుంది, అంతే. ఒక కంప్యూటర్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, దాని నుంచి ఫోన్‌కి ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్) నడపండి. రౌటర్‌లో కేబుల్ పెట్టే పోర్టు 1 గిగాబిట్‌దైతే 940 దగ్గరే ఆగుతుంది, అది వైఫై తప్పు కాదు. మొదట అదే గదిలో, తర్వాత గోడల అవతల, ఆఖరున ఇంకో ఫోన్‌లో డౌన్‌లోడ్ నడుస్తుండగా. రెండు రౌటర్లకి అసలు తేడా తెలిసేది ఆ మూడో కొలతలోనే.