95 విస్తళ్ల కథ

తమ్ముడు: నమస్కారమండీ! బెంగళూరు మారతహళ్లిలో మా అక్క వంటింట్లో కూర్చుని రికార్డు చేస్తున్నాం. మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి.

అక్క: ముందు ఆ విస్తళ్ల సంగతి చెప్పు.

తమ్ముడు: పరువు తియ్యందే వదలవుగా! ఉగాదికి మా పీజీ హాస్టల్లో కుర్రాళ్లమే వంట పెట్టుకున్నాం. ఎవరికి ఏవి కావాలో వాటి కింద పేర్లు రాయమని గోడకి కాగితం అంటించాం. బొబ్బట్ల కింద 32, పులిహోర కింద 35, గారెల కింద 28. అన్నీ కూడేసి, కేఆర్ మార్కెట్ నుంచి 95 విస్తళ్లు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చా.

అక్క: పీజీలో ఉన్నదే 64 మంది కదరా!

తమ్ముడు: పక్క పీజీవాళ్లు కూడా రాశారేమో అనుకున్నా.

అక్క: (నవ్వు) పదో తరగతి సమితుల పాఠంలో సమ్మేళనం అంటే అన్నీ కలిపినవి, ఛేదనం అంటే రెండింట్లోనూ ఉన్నవి అని గడగడా అప్పజెప్పేవాడివి! ఆగు. (గాజుల చప్పుడు) మూడు గాజులు తీసి, ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కేలా కాగితం మీద పెట్టా. ఒక్కో వంటకానికి ఒక్కో గాజు. పెన్సిల్‌తో గీశా. ఎన్ని గదులు?

తమ్ముడు: ఏడు. బయటిదీ కలిపితే ఎనిమిది.

అక్క: ఎక్కడ మొదలుపెడతావ్?

తమ్ముడు: బొబ్బట్ల 32 దగ్గర.

అక్క: బోల్తా పడేది అక్కడే. నట్టనడి గదిలోంచి బయటికి రా. మూడింటి కిందా పేరున్నవాళ్లు?

తమ్ముడు: 6.

అక్క: బొబ్బట్లు, పులిహోర రెండూ?

తమ్ముడు: 15.

అక్క: ఆ 15 మందిలో ఈ ఆరుగురూ ఉన్నారా లేదా? 'రెండు మాత్రమే' అనలేదుగా. అంటే ఆ గదిలో 9. పోటీ పరీక్షల్లో ఆ 'మాత్రమే' కనిపిస్తే దాని కింద గీత గీసుకోవాలి.

తమ్ముడు: పులిహోర, గారెలు 14 కాబట్టి 8. బొబ్బట్లు, గారెలు 12 కాబట్టి 6. ఉత్త బొబ్బట్లవాళ్లు... 32లోంచి 9, 6, 6 పోతే 11. ఉత్త పులిహోర 12, ఉత్త గారెలు 8. అన్నీ కలిపితే 60!

అక్క: మిగతా నలుగురు?

తమ్ముడు: ఊరెళ్లారు. గాజుల బయట.

అక్క: సూత్రంతోనూ చూడు. 95లోంచి 15, 14, 12 కలిపి 41 తీసేస్తే 54. అప్పుడు 6 మళ్లీ ఎందుకు కలపాలి?

తమ్ముడు: ఆ ఆరుగురూ మూడుసార్లు లెక్కలోకొచ్చి, మూడుసార్లు పోయారు. వాళ్లకి విస్తరే లేదు పాపం!

అక్క: అదీ! వెన్ చిత్రాలంటారే, ఈ బొమ్మల మీద జాన్ వెన్ అనే తర్కవేత్త 1880లో వ్యాసం రాశాడు. వలయాలతో తర్కం చూపించడం అంతకుముందు ఆయిలర్ అనే గణితవేత్త కూడా చేశాడనుకో. కాకపోతే వెన్ పద్ధతిలో ఖాళీ గదికీ చోటుంటుంది.

తమ్ముడు: పాయసం కూడా పెడితే నాలుగో గాజు తీస్తావా?

అక్క: చాలదు. నాలుగు రకాలకి బయటిదీ కలిపి 16 గదులు కావాలి. నాలుగు గుండ్రాలు ఎలా పేర్చినా 14 మించి రావు. వెన్ కూడా అక్కడ గుండ్రాలు వదిలేసి కోడిగుడ్డు ఆకారాలు గీశాడు.

తమ్ముడు: అయితే పాయసానికి పేర్లు రాయించను. వచ్చినవాళ్లందరికీ పోసేస్తా.

(కుక్కర్ కూత)

అక్క: మూడోది. స్టవ్ కట్టెయ్‌రా.