టౌపో సరస్సు, పైనున్న పొలాలు, మనం కట్టే రేట్స్

అందరికీ నమస్కారమండీ, ఆదివారం పూట పిల్లల్ని కూడా వెంటేసుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఇక్కడ న్యూజిలాండ్‌లో, హ్యామిల్టన్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళందరికీ వైకాటో రీజనల్ కౌన్సిల్ రేట్స్ బిల్లు, అంటే ఆస్తి పన్ను బిల్లు వస్తుంది, కట్టేస్తాం, కానీ వాళ్ళు చేసే పనేంటని అడిగితే చాలామంది చెప్పలేరు. చెత్త తీసుకెళ్ళేది సిటీ కౌన్సిల్, నదులూ సరస్సులూ భూగర్భజలాలూ చూసుకునేది వీళ్ళు. 1989లో ఈ కౌన్సిళ్ళు పెట్టినప్పుడు హద్దులు చాలావరకు నదుల పరీవాహక ప్రాంతాల్ని బట్టే గీశారు. కృష్ణా నీళ్ళ మీద ట్రిబ్యునళ్ళు ఏళ్ళ తరబడి నడవడం చూసినవాళ్ళం కదా, ఈ పద్ధతి విలువ మనకి బాగా తెలుస్తుంది.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది టౌపో సరస్సు గురించి. అందరం వెళ్ళి ఫోటోలు దిగే ఉంటాం, ఆ నీళ్ళు అంత నీలంగా, అంత తేటగా ఉండటానికి కారణం వాటిలో నత్రజని చాలా తక్కువ, నాచు పెరగడానికి తిండి లేదు. కానీ చుట్టూ పచ్చిక బయళ్ళు, గొర్రెలు, ఆవులు. నత్రజని అనగానే మనకి యూరియా బస్తా గుర్తొస్తుంది గానీ ఇక్కడ అసలు సమస్య పశువుల మూత్రం. ఆవు ఒక్కసారి మూత్రం పోసిన ఆ కొంచెం చోట పడే నత్రజనిని హెక్టారు లెక్కకి మారిస్తే 500 నుంచి 1000 కిలోల దాకా ఉంటుంది, గడ్డి అంత ఎక్కడ తీసుకుంటుంది, మిగిలింది నైట్రేట్ అయిపోయి చలికాలం వానలకి కిందకి దిగిపోతుంది. అక్కడిది అగ్నిపర్వతం పోసిన ప్యూమిస్ నేల, అంటే సందులెక్కువ ఉన్న తేలికరాయి నేల, నీళ్ళు నిలవవు. దిగిన నీళ్ళు భూమి లోపల నడిచి సరస్సు చేరడానికి కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. అంటే ఇవాళ సరస్సులో కొలిచేది మన తాతల నాటి వ్యవసాయం అన్నమాట.

అందుకే నీళ్ళు పాడయ్యేదాకా ఆగకుండా కౌన్సిల్ ముందే కదిలింది, నా దృష్టిలో ఇది చాలా ధైర్యమైన పని. 2001 నుంచి 2005 మధ్య ఒక్కో పొలం నుంచి ఎంత నత్రజని కిందకి దిగిందో లెక్కగట్టి, అంతకు మించకూడదని పరిమితి పెట్టారు. తగ్గించుకున్న రైతు ఆ మిగులును అమ్ముకోవచ్చు. 20 శాతం తగ్గించాలని లక్ష్యం, దానికి 8.15 కోట్ల డాలర్ల నిధి, కేంద్ర ప్రభుత్వం, మన రీజనల్ కౌన్సిల్, టౌపో జిల్లా కౌన్సిల్ కలిసి వేసుకున్నాయి. 2015కల్లా ఏడాదికి 170 టన్నులు తగ్గేలా రైతులతో ఒప్పందాలు అయిపోయాయి. రైతు నెత్తిన రూల్ పడేసి ఊరుకోలేదు, డబ్బు కూడా పెట్టారు.

అయితే అన్యాయం జరగలేదని నేననను. సరస్సు అడుగు భూమి టూఫారెటోవా మావోరీ తెగది, చుట్టుపక్కల భూములు కూడా వాళ్ళవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం అడవిగానే ఉంచుకున్నారు. పాత వాడకాన్ని బట్టి కోటా ఇస్తే అప్పటికే గట్టిగా పశువులు మేపినవాళ్ళకి ఎక్కువ, నేలని కాపాడుకున్నవాళ్ళకి తక్కువ! ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకో చిక్కు, ఒక్కో పొలం కింద ఎంత దిగుతుందో నేరుగా కొలవడం చాలా కష్టం కాబట్టి ఓవర్‌సీర్ అనే కంప్యూటర్ మోడల్ మీద ఆధారపడ్డారు, 2021లో ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ దాని అంచనాల మీద నమ్మకం పెట్టుకోలేమంది. అందుకే నీళ్ళలో దిగి కొలిచే పని ఎప్పటికీ ఆగకూడదంటాను. ఆ కొలత చూడాలండీ, ఒకాయన వాగులో నడుముదాకా దిగి అద్దం బిగించిన పెట్టెలోంచి నీళ్ళ లోపలికి చూస్తుంటాడు, ఇంకొకాయన కర్రకి కట్టిన నల్లటి బిళ్ళ పట్టుకుని దూరంగా జరుగుతుంటాడు, బిళ్ళ ఎక్కడ మాయమైతే అంత దూరం ఆ నీటి తేటదనం. అలాంటి పని ఏళ్ళ తరబడి చేస్తేనే నది బాగుపడుతోందో లేదో తెలుస్తుంది, బడ్జెట్ తగ్గించాలనగానే ముందు వీటి మీదే కన్ను పడకూడదు.

పిల్లలున్నవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, లావా (LAWA) అనే వెబ్‌సైట్లో ఈ రీడింగులన్నీ ఉచితంగా ఉంటాయి, ఈతకి వెళ్ళేముందు చూసుకోండి, 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై, అంటే మలం నుంచి వచ్చే బాక్టీరియా, 550 దాటితే నీళ్ళలోకి దిగనివ్వద్దు, గట్టి వాన పడ్డాక రెండుమూడు రోజులు ఆగండి. కౌన్సిల్ కొత్త ప్లాన్ పెట్టినప్పుడు సబ్‌మిషన్, అంటే మన అభిప్రాయం, రాయడానికి సిటిజన్ అయ్యుండక్కర్లేదు, ఫారం నింపడం తెలీకపోతే ఇప్పుడు టీ దగ్గర నన్ను పట్టుకోండి, కూర్చుని రాద్దాం.