ముఖం మీద మచ్చలు, చేతి మీద మచ్చ

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు పిలిచి, మీకు నచ్చిన విషయం మాట్లాడండి అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా సూదులు వేసినదాన్ని. నాకు బాగా తెలిసింది అదే కాబట్టి అదే మాట్లాడతాను. 2021 మార్చిలో ఒక పెద్దాయన నన్నొక ప్రశ్న అడిగాడు. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను.

అరవై దాటినవాళ్లకు అప్పుడప్పుడే కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుండేవి. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారబోయాల్సిందే. అందుకని పదిమంది పోగయ్యేదాకా టోకెన్లిచ్చి బెంచీల మీద కూర్చోబెట్టేవాళ్లం. చొక్కా చెయ్యి పైకి లాగితే చాలామందికి పాత మశూచి టీకా మచ్చ కనిపించేది, రూపాయి బిళ్లంత. ఈ పెద్దాయన చేతి మీద అది లేదు. ముఖం నిండా మాత్రం స్ఫోటకం, అంటే ఆ మశూచే, మిగిల్చిన గుంటలు.

"చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసింది తల్లీ. మళ్లీ జన్మలో రాలేదు. ఈ కరోనా కూడా పోయిన ఆగస్టులో వచ్చి పోయింది. ఇంకా ఈ సూదెందుకు?" అన్నాడు.

వెనక టోకెన్లవాళ్లు తొందరపెడుతున్నారు. "పైనుంచి అందరికీ వేయమన్నారు తాతా" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా చెయ్యి చాపాడు. అంత మంచి ప్రశ్నకు అదా జవాబు? తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎందుకంటే తాత మాటలో నిజముంది. మశూచి ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు. కరోనా తగ్గినవాళ్ల ఒంట్లోనూ రక్షణ పుడుతుంది. రక్తంలో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గినా, వైరస్‌ను గుర్తుపెట్టుకునే కణాలు ఉండిపోతాయి. 2021లో ఇజ్రాయెల్‌లో లెక్క తీస్తే, జబ్బు చేసి కోలుకున్నవాళ్లు, జబ్బు ఎరగకుండా రెండు డోసుల ఫైజర్ వేసుకున్నవాళ్ల కంటే డెల్టా రకాన్ని బాగా తట్టుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వమే 2021 మేలో, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగి టీకా వేయించుకోండి అని చెప్పింది. ఒంట్లో రక్షణ పుట్టడం ఉత్త మాటైతే ఆగమనేవాళ్లే కాదు. ఈ సంగతి మేం జనానికి విడమరిచి చెప్పలేదు. చెప్పి ఉంటే మమ్మల్ని ఇంకా నమ్మేవాళ్లని నా నమ్మకం.

అయితే కరోనా మశూచి లాంటిది కాదు. రూపం మార్చుకుంటూ పోతుంది. బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల మధ్య మనౌస్ అనే నగరం ఉంది. 2020 అక్టోబరు నాటికే అక్కడ నాలుగింట మూడు వంతుల మందికి కరోనా సోకి ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. ఆ అంచనా కాస్త ఎక్కువన్నవాళ్లూ ఉన్నారనుకోండి. ఎలాగైనా, ఇక గండం గడిచినట్టేనని చాలామంది అనుకున్నారు. మూడు నెలలు తిరక్కుండా, 2021 జనవరిలో, గామా అనే కొత్త రకం విరుచుకుపడింది. ఆస్పత్రుల్లో ఆక్సిజన్ అయిపోయి మనుషులు మంచాల మీదే పోయారు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 2021 వేసవిలో చూస్తే, ఒకసారి కోవిడ్ వచ్చినవాళ్లలో టీకా వేసుకోనివాళ్లకు మళ్లీ సోకే అవకాశం, వేసుకున్నవాళ్లతో పోలిస్తే రెండింతలకు పైనే. ఇందాక చెప్పిన ఇజ్రాయెల్ లెక్కలోనూ, కోలుకున్నాక ఒక్క డోసు పడినవాళ్లు ఇంకా మెరుగ్గా ఉన్నారు. తాతకు ఆ రోజు చెప్పాల్సింది ఇదే: నీ ఒంట్లో ఉన్నదాన్ని కాదనడం లేదు తాతా, దానికి ఇంకాస్త బలం చేరుస్తున్నాం.

మా వైపు తప్పులూ ఉన్నాయి. టీకా వేయించుకుంటే కరోనా రాదు అని మాలో చాలామందిమి గట్టిగా చెప్పాం. ఒమిక్రాన్ అనే కొత్త రకం వచ్చాక రెండు డోసులు పడినవాళ్లలోనూ, ముందే జబ్బు చేసినవాళ్లలోనూ చాలామందికి వచ్చింది. జబ్బు ముదరకుండా, ప్రాణం మీదికి రాకుండా కాపాడటమే టీకా అసలు పని. కోవిషీల్డ్‌తో ఎక్కడో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టిన కేసులూ వచ్చాయి. అది దాచకుండా చెప్పాలి.

జబ్బు వచ్చి తగ్గడమే మేలు కదా అనేవాళ్లు, తగ్గినవాళ్లను చూసే ఆ మాట అంటారు. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, రక్తపరీక్షల సర్వేలో 2021 జనవరి నాటికి మన దేశంలో ఐదుగురిలో ఒకరికి యాంటీబాడీలున్నాయి. జూన్, జూలై నాటికి అది 67.6 శాతమైంది. ఒక్క డోసు కూడా పడనివాళ్లలో సైతం 62.3 శాతం. అంటే సూదితో వచ్చినదానికంటే జబ్బుతో వచ్చినదే చాలా ఎక్కువ. ఆ రెండు సర్వేల మధ్యలో ఏముంది? ఏప్రిల్, మే నెలలున్నాయి. సిలిండర్ల కోసం తిరిగిన రాత్రులు, కట్టెలు దొరకని శ్మశానాలు ఉన్నాయి. ఆ రోజుల్లో పోయినవాళ్ల రక్తం సర్వేకి రాలేదు. రోగనిరోధక శక్తి ఎంతమందికి ఉందో ఆ సర్వే చెబుతుంది, దాన్ని ఏ ధర పెట్టి కొనుక్కున్నామో చెప్పదు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు మన పెద్దలు. జబ్బు ఇచ్చే రక్షణ కూడా బతికుంటేనే. మశూచి అయితే సోకిన పదిమందిలో ముగ్గురిని తీసుకుపోయేది.

పోయిన సంక్రాంతికి తాత వాళ్ల ఊరు వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పాను, ఆలస్యంగానైనా. ఆయన ఓపిగ్గా విన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, వాళ్ల చిన్నతనంలో ఊళ్లోకి టీకాలవాళ్లు వచ్చిన రోజు సంగతి. పిల్లలకు జ్వరం వస్తుందని, అమ్మవారికి కోపమొస్తుందని వాళ్ల నాన్న భయపడ్డాడట. ముగ్గురు పిల్లలనీ గడ్డివాము వెనక దాచి, చీకటి పడేదాకా బయటికి రానివ్వలేదట.

"ఆ ఏడే అమ్మవారు పోసింది. అన్న పోయాడు, చెల్లి పోయింది. నేను మిగిలాను తల్లీ" అన్నాడు.