చేప చిక్కాక బుట్టను మరిచిపొమ్మన్నాడు, బుట్టే వద్దనలేదు

"మాటలన్నీ వట్టివే, మౌనమే సత్యమని చైనా దావో తాత్వికులు చెప్పారు." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. సాక్ష్యంగా ఆ తాత్వికుల పాత పుస్తకం 'జువాంగ్‌జి'లోని చేపల బుట్ట వాక్యాన్ని చూపిస్తారు. అదీ సగమే చూపిస్తారు.

26వ అధ్యాయం చివర ఉంటుందది. బుట్ట ఉన్నది చేప కోసం, చేప చిక్కాక బుట్టను మరిచిపోవచ్చు. ఉచ్చు ఉన్నది కుందేలు కోసం. మాట ఉన్నది భావం కోసం, భావం అందాక మాటను మరిచిపోవచ్చు. అందరూ ఇక్కడే ఆపేస్తారు. తరవాతి వాక్యం ఏంటో తెలుసా? "మాటల్ని మరిచిపోయిన మనిషి నాకెక్కడ దొరుకుతాడు, అతనితో ఓ మాట మాట్లాడాలి!"

మాట్లాడాలట! నా దృష్టిలో ఆ వాక్యానికి ప్రాణం అక్కడే ఉంది.

మన కాలవల్లో పెట్టే మావును, అంటే చేపలు పట్టే వెదురు బుట్టను, దగ్గరగా చూడండి. మూతి దగ్గర వెదురు పుల్లలు లోపలికి వాలి ఉంటాయి. చేప సులువుగా దూరుతుంది, వెనక్కి రాలేదు. పుల్లల మధ్య సందుల్లోంచి నీళ్ళు పోతుంటాయి. సందులు పెద్దవైతే చేప జారిపోతుంది, అసలు లేకపోతే అది మావే కాదు, కుండ. మరిచిపోవడం కూర వండుకున్నాక సంగతి. ముందు మావు అల్లాలి కదా!

ప్రాచీన చైనీస్ అల్లికా అంతే, సందులతోనే పని చేస్తుంది. దావో తాత్వికుల మరో మూలగ్రంథం 'లావోజి' మొదటి వాక్యం చూడండి: "దావ్ ఖ దావ్, ఫెయ్ ఛాంగ్ దావ్." స్థూలంగా, చెప్పగలిగిన దావ్ ఎప్పుడూ ఉండే దావ్ కాదని. ఆరు అక్షరాల్లో మూడు దావ్‌లే. మొదటిది దారి, దావో తాత్వికుల 'దావో' ఇదే. రెండోది క్రియ. చెప్పడమని చాలామంది, నడవడమని కొందరు చదువుతారు. కర్త లేడు, కాలం లేదు. తెలుగులో 'చెప్పగలిగిన దారి' అనో 'నడవగలిగిన దారి' అనో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకోగానే ఒక సందు మూసుకుపోతుంది. (మన దోవకీ ఆ దావ్‌కీ చుట్టరికమేమీ లేదు, వినడానికి దగ్గరగా ఉంటాయంతే.)

పైగా ఆ వాక్యం తర్వాత పుస్తకం ఆగిపోలేదు. 81 అధ్యాయాలు, సుమారు 5,000 అక్షరాలు నడిచింది. మాటలు వద్దనుకునేవాళ్ళు చేసే పనేనా ఇది?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. క్రీ.శ. 249లో, 23 ఏళ్ళకే చనిపోయిన వ్యాఖ్యాత వాంగ్ బి ఈ బుట్టనే 'ఐ చింగ్' (గీతల బొమ్మలతో జోస్యం చెప్పే పాత చైనా గ్రంథం) చదవడానికి వాడుకున్నాడు. మాట ఉన్నది బొమ్మ కోసం, బొమ్మ ఉన్నది భావం కోసం అన్నాడు. అంటే బుట్టలో బుట్ట.

ఇంకొకటి. 1973లో చైనాలోని మావాంగ్‌దుయ్ సమాధిలో, పట్టుబట్ట మీద రాసిన లావోజి ప్రతులు దొరికాయి. వాటిలో ఒకదాంట్లో మొదటి వాక్యంలో 'ఛాంగ్' లేదు, 'హెంగ్' ఉంది. రెండింటికీ ఎప్పుడూ ఉండేదనే అర్థం. హాన్ వంశపు చక్రవర్తి వెన్ అసలు పేరు లియు హెంగ్. చక్రవర్తి పేరు రాయకూడదు కాబట్టి తర్వాతి ప్రతుల్లో అక్షరం మారింది. ఆ మార్పుతో అర్థం ఏమైనా కదిలిందా అన్నది వచ్చే వీడియోలో, రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.