నల్ల బ్యాడ్జీ పెట్టుకున్న ఆ పెద్ద దంపతులు రోజంతా ఏం చేస్తారు?

నమస్కారం. విదేశాల్లో మత సేవకు వెళ్ళే పెద్ద వయసు దంపతుల మాట ఎత్తితే చాలు, ఎవరైనా ఒకటే అంటారు: "చర్చి జీతమిచ్చి పంపిస్తుంది, వీళ్లు ఇంటింటికీ తిరిగి ప్రచారం చేస్తారు." జీతమూ లేదు, ఇంటింటికీ తిరగడమూ లేదు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు చిరాకు. అందుకే ఈ వీడియో.

నేను చెప్పేది లేటర్ డే సెయింట్స్ చర్చి గురించి. మోర్మన్లు అంటే అమెరికాలో ఉన్నవాళ్లకి చప్పున తెలుస్తుంది. తెల్ల చొక్కా, టైతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లని మీరు చూసే ఉంటారు, వాళ్లని వదిలేద్దాం. వాళ్ల వెనకాల, అలాంటి నల్ల పేరు బ్యాడ్జీతోనే, రిటైరైన భార్యాభర్తలు ఉంటారు. వాళ్లే మన విషయం. ఊరు ఘానా రాజధాని ఆక్రా అనుకుందాం.

ఒక్కసారి మన పెళ్ళిళ్లు గుర్తు తెచ్చుకోండి. పీటల మీద వధూవరులు, పక్కన పురోహితుడు, కెమెరాలన్నీ అటే. కానీ స్టోరు గది తాళాలు ఎవరి దగ్గరుంటాయి? కొంగున ముడేసుకున్న పెద్దమ్మ దగ్గర. వంటవాళ్ల లెక్క, బస్సు ఎన్నింటికి, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు... ఇదంతా పెద్దనాన్నకే తెలుసు. మిషన్‌లో, అంటే ఈ మత సేవ సాగే ప్రాంతీయ విభాగంలో, ఈ దంపతులు ఆ పెద్దమ్మ, పెద్దనాన్న. పీటల మీద కుర్రాళ్లుంటారు.

[తెరపై: ఆక్రాలో ఒక అద్దె ఇల్లు]

కుర్ర మిషనరీలు ఉండే ఇళ్ల తనిఖీ చూడండి, మీకే అర్థమవుతుంది. దంపతులు బండిలో వస్తారు, కాలింగ్ బెల్ కొడతారు. ఆయన నేరుగా నీళ్ల ఫిల్టర్ దగ్గరికి వెళ్లి లోపల పాచి పట్టిందా అని చూస్తాడు. ఆవిడ దోమతెరని వెలుతురుకి పట్టి చిరుగులు వెతుకుతుంది. అక్కడ మలేరియా ఉంది, చిన్న చిరుగే కదా అని వదిలేస్తే కుదరదు. తర్వాత ఫ్రిజ్. కరెంటు పోయి వచ్చే ఊళ్లో మూడు రోజుల కిందటి కూర ఇంకా లోపలే ఉంటే అది బయటికి పోవాల్సిందే. పంతొమ్మిదేళ్ల పిల్లాడు గుమ్మంలో కుంటుతూ నిలబడితే "చెప్పు తీయి నాయనా, కాలు చూపించు" అనేదీ ఆవిడే. ఇంటికి వేల మైళ్ల దూరంలో ఉన్న పిల్లాడికి ఆ ఒక్క మాట ఎంత ధైర్యమో! ఇది చిన్న పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మిగతా రోజుల్లో మిషన్ ఆఫీసు. ఇంటి అద్దెలు కట్టడం, కార్ల రిపేర్లు, వీసా కాగితాలు, కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఎయిర్‌పోర్టుకి వెళ్లడం. కుర్రాళ్లలా 6:30కే లేచి రాత్రి 10:30కి పడుకోవాలన్న కట్టుదిట్టమైన టైంటేబుల్ వీళ్లకి లేదు. వారానికో రోజు బట్టలు, సరుకులు, ఇంటి పని. టీ, కాఫీ మాత్రం ఉండవు, మత నియమం. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం.

ఇక డబ్బు. పెళ్ళికొచ్చిన పెద్దనాన్నకి కూలి ఎవరిస్తారండీ? టికెట్ తనే కొనుక్కుని వస్తాడు, పైగా చదివింపులూ చదివిస్తాడు. వీళ్లూ అంతే. తిండి, అద్దె అన్నీ సొంత పింఛనులోంచి, దాచుకున్న డబ్బులోంచి. 2011లో చర్చి ఇంటి ఖర్చుకి నెలకి 1,400 డాలర్ల పరిమితి పెట్టింది, అప్పట్లో అంతవరకు భరించింది దంపతులే. 6, 12, 18, 23 నెలల్లో ఎన్నాళ్లు ఉంటామో వాళ్లే చెప్పొచ్చు. విదేశంలో 18 నెలల కంటే తక్కువ ఉంటామంటే విమాన ఖర్చు కూడా వాళ్లదేనని అప్పుడే చెప్పారు. డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకి వెళుతోందో చూశారుగా!

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. నల్లజాతి పురుషులకు ఈ చర్చిలో యాజకత్వం, అంటే మతకర్మలు జరిపించే అధికారం, ఇచ్చేవారు కాదు. ఆ నిషేధం పచ్చి అన్యాయమని నా అభిప్రాయం. 1978 జూన్‌లో ఎత్తేశారు. అప్పటికే ఘానాలో జోసెఫ్ విలియం బిల్లీ జాన్సన్ అనే ఆయన 1964 నుంచి, ఎవరూ పంపకుండానే, ఈ విశ్వాసంతో సొంతంగా సంఘాలు నడుపుతున్నాడు! చర్చి తరఫున ఎవరైనా వస్తారని పద్నాలుగేళ్ల నిరీక్షణ. 1978 నవంబరులో పశ్చిమాఫ్రికాకి వచ్చిందెవరు? కుర్రాళ్లు కాదు. రెండు జంటలు: రెండెల్, రేచల్ మేబీ, ఎడ్విన్, జానత్ కానన్. మేబీ గారిది 1908 పుట్టుక, అంటే డెబ్బై ఏళ్లు. డిసెంబరులో ఘానాలోని కేప్ కోస్ట్‌ ఊళ్లో ఆ దేశపు తొలి బాప్తిస్మాలు జరిగాయి. అంటే ఆ పెళ్ళికి వధూవరుల కంటే ముందు పెద్దవాళ్లు వచ్చి పందిరి వేశారన్నమాట. అప్పుడు బోధించింది కూడా వాళ్లే, ఆ సంగతి దాచక్కర్లేదు. ఇప్పుడూ ఎవరైనా అడిగితే తమ విశ్వాసం గురించి చెబుతారు. తలుపులు తట్టడం మాత్రం వాళ్ల పని కాదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

1989 జూన్‌లో ఘానా ప్రభుత్వం ఈ చర్చి కార్యక్రమాలు ఆపేసింది. 1990 నవంబరు దాకా విదేశీ మిషనరీలు లేరు, స్థానికులు ఇళ్లలోనే ప్రార్థన చేసుకున్నారు. 2004 జనవరిలో ఆక్రా ఆలయం (మామూలు ఆదివారం చర్చి కాదు, ప్రత్యేక మతకర్మల భవనం) ప్రతిష్ఠ జరిగింది, అందులో సేవకీ దంపతులు వస్తారు. డాక్టర్లు, నర్సులుగా పనిచేసినవాళ్లు మిషనరీల ఆరోగ్యం చూస్తారు. కొందరు మంచినీళ్లు, చక్రాల కుర్చీల లాంటి సహాయ పనుల్లో ఉంటారు.

కష్టం? మనవలు. పుట్టినరోజులు వీడియో కాల్‌లోనే. ఘానాకీ, ఈ చర్చి ప్రధాన కార్యాలయం ఉన్న అమెరికా రాష్ట్రం యూటాకీ ఆరేడు గంటల తేడా, కాబట్టి అక్కడ పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి ఘానాలో తాతగారు నిద్రకి ఆగలేకపోతుంటారు. ఆరోగ్యం బాగుండాలి, పిల్లల బాధ్యతలు తీరి ఉండాలి, అప్పుడే పంపుతారు.

మన వైపు సంగతి ఒకటి. ఈ చర్చికి భారతదేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. విశాఖ, రాజమండ్రిలోనూ సంఘాలున్నాయి. బెంగళూరు ఆలయం సంగతి 2018లో ప్రకటించారు, 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ఆలయంలో దంపతుల సేవ ఎలా ఉంటుందన్నది ఇంకో వీడియోలో వివరంగా చెబుతాను.