ముగ్గురు కలిసి వెబ్‌సైట్లు నడపాలంటే ఏం చేతనవ్వాలి? బరంపురం నుంచి నా మాట

నమస్కారమండీ. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను.

మొన్న మా పిన్ని కొడుకు పర్లాకిమిడి నుంచి వచ్చాడు. డిగ్రీ అయిపోయింది. ఇద్దరు స్నేహితులతో కలిసి వెబ్‌సైట్లు చేసే పని పెడతానంటున్నాడు. "అన్నయ్యా, నువ్వు పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నావు కదా, మేం ఏమేం నేర్చుకోవాలో ఒక లిస్టు రాసివ్వు" అన్నాడు. కాగితం తీసుకున్నాను గానీ రాయలేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, డేటాబేస్... ఆ పేర్లు వాడికీ తెలుసు. వాడికి తెలియనివి వేరే ఉన్నాయి. రెండు గంటలు కూర్చోబెట్టి అవి చెప్పాను. అవే ఇవాళ మీకూ చెబుతాను.

ముందు వాణ్ని ఒకటి అడిగాను. "శనివారం రాత్రి పదకొండింటికి సైటు ఆగిపోయిందని షాపాయన ఫోన్ చేస్తే మీలో ఎవరు ఎత్తుతారు?" "ముగ్గురం ఎత్తుతాం అన్నయ్యా" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. ఎందుకంటే మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాం.

నా మొదటి టీములో ముగ్గురమే. ఒక పట్టుచీరల షాపుకి సైటు చేశాం. మా బరంపురం పట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది. అంచు మీద ఫొడా కుంభ అని గుడి శిఖరాల వరసలాంటి నేత వస్తుంది. 2012లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకేనని చెప్పే గుర్తింపు, వచ్చింది. ఆ అంచు దగ్గరగా కనిపించేలా ఫొటోలు తీసి, ఎంతో ఇష్టంగా చేశాం ఆ సైటు. డొమైన్ పేరు, అంటే సైటు అడ్రసు, మాత్రం మాలో ఒకతను తన సొంత మెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో కొన్నాడు. ఏడాదిన్నరకి అతను సూరత్ వెళ్లిపోయాడు, నంబరు మార్చేశాడు. రెన్యువల్ గుర్తుచేసే మెయిళ్లు వచ్చాయి. అతను తెరవడం మానేసిన మెయిల్లోకి వచ్చాయి. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యే వారంలో సైటు మాయమైంది. లాగిన్ అవుదామంటే ఓటీపీ పాత నంబరుకి పోతోంది.

డాట్ కామ్ పేరు గడువు దాటి తొలగింపులోకి వెళ్తే, 30 రోజుల్లోపు అదనపు రుసుం కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే కొద్ది రోజుల్లో ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. మాకు చివరి వారంలో దొరికింది. షాపాయన ఒక్క మాట అనలేదు. "మీ నాన్నగారు నాకు బాగా తెలుసు బాబూ" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి మా దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంది. డొమైన్ ఎవరి పేరున ఉంది, గడువు ఎప్పుడు, ఆ పేరును సర్వరుకి కలిపే డీఎన్‌ఎస్ ఎక్కడ ఉంది, సైటు ఉండే సర్వరు అద్దె, అదే హోస్టింగ్ బిల్లు, ఎవరు కడుతున్నారు, ఆన్‌లైన్ డబ్బులు ఎవరి ఖాతాలో పడుతున్నాయి, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి వరసలో ఇద్దరి పేర్లుంటాయి. ఒకరు చూసేవారు, ఇంకొకరు ఆయన లేనప్పుడు చూసేవారు. పాస్‌వర్డులు పుస్తకంలో రాయం, వాటిని తాళం వేసి దాచే పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ ఉంది. డొమైన్ ఎప్పుడూ షాపు యజమాని పేరు మీదే కొంటాం. సైటు ఆయనది కదా!

సర్టిఫికెట్ సంగతి కూడా ఇలాంటిదే. బ్రౌజర్లో తాళం గుర్తు వెనక ఉండేది అదే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్‌కి ఇన్నాళ్లూ 90 రోజుల గడువు. గడువు దగ్గరపడితే మెయిల్ పంపేవారు, 2025 జూన్ నుంచి అదీ ఆపేశారు. డబ్బు కట్టి కొనే వాటి గడువూ తగ్గుతోంది. 2029 మార్చి నాటికి ఏదైనా 47 రోజులకు మించకూడదని నిర్ణయమైపోయింది. క్యాలెండర్లో గీత గీసుకుని చేసే పని కాదిక. దానంతట అదే రెన్యూ అయ్యేలా పెట్టడం, అవ్వకపోతే మన ఫోనుకి కబురొచ్చేలా పెట్టడం టీములో ఒకరికైనా బాగా రావాలి.

ఇప్పుడు అసలు నాకిష్టమైన సంగతి. మన సరిహద్దు ఊళ్లలో పనిచేసే టీముకి భాష కూడా కోడ్‌తో సమానమైన విద్య. ఇక్కడ లాడ్జీకో, పిల్లల డాక్టరు గారికో సైటు చేస్తే ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ కావాలి. తెలుగు మేటర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్లెక్సీ కోసం డీటీపీ సెంటర్లో కొట్టించిన ఫైలే ఇస్తారు. అది అను లాంటి పాత ఫాంట్లలో ఉంటుంది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులాగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. సైటులో పెట్టగానే పిచ్చి గీతలైపోతుంది. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లో, ఏ ఫోన్లో అయినా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చాలి. మార్చాక ఒకరు పక్కన కూర్చుని అక్షరం అక్షరం చదవాలి, ఎందుకంటే ఒత్తులు తారుమారవుతాయి. పైగా డాక్టరు గారి సైటులో తప్పు పడితే అది మందుల సంగతి కావచ్చు.

మొదటిసారి మేం తెలుగులో బటన్ పెట్టినప్పుడు 'వస్త్రాలు' అన్న మాటలో కింది ఒత్తులు సగం తెగిపోయాయి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు సరిపడా చేసిన బటన్ అది. మన లిపికి వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. 'శ్రీ' చూడటానికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో నాలుగు గుర్తులు, సైట్లలో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. ఎస్సెమ్మెస్ ఇంగ్లిష్‌లో అయితే 160 అక్షరాలు పడుతుంది, తెలుగులో 70 గుర్తులు దాటగానే రెండో మెసేజి బిల్లు మొదలవుతుంది. పేజీలో తెలుగు భాగానికి 'టీఈ' అని, ఒడియా భాగానికి 'ఓఆర్' అని భాష గుర్తు పెట్టాలి. చూపులేని వాళ్లు వినే స్క్రీన్ రీడర్‌కి ఏ గొంతుతో చదవాలో తెలిసేది దానివల్లే.

మాటల ఎంపిక ఇంకో ఎత్తు. ఫారం కింద 'సమర్పించు' అని పెడతారు చాలామంది. దేవుడికి కొబ్బరికాయ సమర్పిస్తాం గానీ ఫోన్ నంబరు సమర్పిస్తామా? 'పంపండి' అంటే మా అమ్మ కూడా నొక్కుతుంది. మా తమ్ముడికి ఈ మాట గట్టిగా చెప్పాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు వాడిది. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడిన పర్లాకిమిడిలో కూర్చుని, జనానికి అర్థంకాని బటన్లు పెట్టకూడదు కదా.

కోడ్ గురించి తక్కువ చెబుతున్నానని అనుకోకండి. ముగ్గురిలో ఒకరికి పేజీలు, ఫారాలు బాగా రావాలి, ఒకరికి సర్వరు, డేటాబేస్ రావాలి, కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే గిట్ మాత్రం ముగ్గురికీ రావాలి. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కొండల్లో సిగ్నల్ ఒక గీతే ఉంటుంది కాబట్టి ఐదు ఎంబీల ఫొటోని రెండు వందల కేబీల లోపుకి తేవడం రావాలి. ఇవన్నీ నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

బ్యాకప్ దగ్గర మాత్రం ఆగుతాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి పర్లాకిమిడి వైపు అంతా ఊడ్చేసింది, రోజుల తరబడి కరెంటు లేదు. కంప్యూటర్ ఉన్న గదిలోనే బీరువాలో హార్డ్ డిస్క్ పెట్టుకుని అదే బ్యాకప్ అనుకునే వాళ్లకి నేను ఈ రెండు తేదీలే చెబుతాను. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి మన జిల్లాలో లేకుండా. ప్రతి మూడు నెలలకూ ఒకసారి ఆ కాపీ నుంచి సైటుని వేరే సర్వర్లో నిజంగా లేపి చూస్తాం. ఒకసారి అలా చూసినప్పుడే తెలిసింది, ఫొటోలన్నీ ఉన్నాయి గానీ డేటాబేస్‌లోని ఆర్డర్ల టేబుల్ నాలుగు నెలలుగా కాపీ అవడం లేదు.

ఇక షాపాయన దగ్గర కూర్చోవడం. "బాగా చెయ్యండి బాబూ" అంటారు, అంతకు మించి చెప్పరు. టీ తాగుతూ గంట కూర్చుంటే అప్పుడు బయటపడుతుంది. ఫొటోలో మెరూన్‌గా కనిపించిన చీర ఇంటికెళ్లాక ఎర్రగా ఉందని తిరిగొస్తోందట. మా సమస్య రంగులని అప్పుడు తెలిసింది. లైటు మార్చాం, కెమెరా మార్చాం, సైటులో ఒక్క లైను కోడ్ ముట్టుకోలేదు. ఇలా విని రాబట్టగలిగే మనిషి మీ టీములో లేకపోతే ఎవరో ఒకరు ఆ ఓపిక నేర్చుకోండి.

మా తమ్ముడు నా దగ్గర నుంచే స్నేహితులకి ఫోన్ చేశాడు. తమ సొంత సైటు డొమైన్ ఎవరి మెయిల్ మీద కొనాలన్న దగ్గరే మాట పట్టింపు వచ్చింది. అరగంట వాదించుకున్నారు. చివరికి టీము పేరుతో కొత్త మెయిల్ తెరిచి, దాని తాళం ఇద్దరి దగ్గర ఉంచాలని తేల్చుకున్నారు. బస్టాండుకి వెళ్లేటప్పుడు దారిలో నాలాంటి పొడుగు పుస్తకమే ఒకటి కొనుక్కున్నాడు. మొదటి పేజీలో రాత్రి ఫోన్ వంతులు రాశాడు. మొదటి వారం వాడిదే.